తల్లిపాలు త్రాగే నవజాత శిశువు బరువు

పుట్టిన నాటి నుండి 28 రోజుల వయసు వరకు గల శిశువును నవజాత శిశువు అంటారు. తల్లిపాలు మాత్రమే త్రాగే శిశువుకు పాలు సరిపోతున్నాయో లేదో తెలుసుకొనుటకు బరువు ముఖ్యమైన ఆధారం. బరువు తగినంత పెరగనపుడు చాలావరకు లోపం పాలు పట్టే విధానంలోనే ఉంటుంది.

సాధారణ పెరుగుదల

మొదటి కొద్ది రోజులలో శరీరంలోని అదనపు నీరు పోవడం వలన శిశువు బరువు తగ్గుట సహజం. 3 కిలోలతో పుట్టిన శిశువు 2,800 గ్రాములకు తగ్గడం సాధారణమే. అయితే పుట్టిన బరువులో 10 శాతానికి మించి, అనగా 2,700 గ్రాముల కంటే తగ్గితే వైద్య పరీక్ష అవసరం. 10 నుండి 14 రోజులలో శిశువు తిరిగి పుట్టిన బరువుకు చేరుతుంది. తరువాత మూడు నెలల వరకు రోజుకు సగటున 20 నుండి 30 గ్రాములు పెరుగుతుంది. తల్లిపాలు త్రాగే పిల్లల పెరుగుదల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రమాణాలను విడుదల చేసింది. ఇందుకు అధ్యయనం జరిపిన ఆరు దేశాలలో భారతదేశం ఒకటి.

పాలు తయారయ్యే విధానం

శిశువు రొమ్మును చీకినపుడు తల్లి శరీరంలో విడుదలయ్యే ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనే హార్మోను ఆ పాలను వెలుపలికి పంపుతుంది. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ తగ్గుతుంది. అందువలన అవసరం లేకుండా పోతపాలు పట్టినచో శిశువు రొమ్మును చీకడం తగ్గి, తల్లిపాలు మరింత తగ్గుతాయి.

బరువు పెరుగుటకు పద్ధతులు

* పుట్టిన గంటలోపు పాలు పట్టడం ప్రారంభించి, ముర్రుపాలు తప్పక త్రాగించాలి.
* 24 గంటలలో 8 నుండి 12 సార్లు పాలివ్వాలి. రాత్రి కూడా ఇవ్వాలి. నిద్రమత్తులో ఉన్న శిశువును లేపి పట్టాలి.
* శిశువు నోరు పెద్దదిగా తెరచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా నోటిలోనికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. తల్లికి నొప్పి కొనసాగుతుంటే పట్టు సరిగా లేదని భావించవచ్చు.
* చివరలో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. కనుక ఒక రొమ్ములోని పాలు బాగా త్రాగిన తరువాతనే రెండవ రొమ్ము ఇవ్వాలి.
* చీకే శక్తి లేని శిశువుకు, పిండిన తల్లిపాలను శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు.
* 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువును తల్లి తన ఛాతీకి నేరుగా ఆనించి ఉంచుకోవడం మేలు చేస్తుంది. దీనిని కంగారూ సంరక్షణ అంటారు.

అపోహలు

ముర్రుపాలను పిండి పారబోయడం, తేనె, పంచదార నీళ్ళు, ఆముదం పట్టడం హానికరమైన ఆచారాలు. నీళ్ళతో పొట్ట నిండుతుంది కాని పోషణ లభించదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వలన బొటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి రావచ్చు. పథ్యం పేరుతో బాలింతకు ఆహారం, మంచినీరు తగ్గించడం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంది.

వైద్య సహాయం

ఐదవ రోజు తరువాత రోజుకు ఆరు సార్ల కంటే తక్కువగా మూత్రం పోయడం, మూత్రం ముదురు రంగులో ఉండటం, పాలు త్రాగకుండా మత్తుగా పడి ఉండటం, జ్వరం, కామెర్లు పెరగడం, రెండు వారాలకు కూడా పుట్టిన బరువుకు చేరకపోవడం గమనించినచో వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి. నాలుక క్రింది పొర బిగుతుగా ఉండటం, అంటువ్యాధులు, గుండె జబ్బుల వలన కూడా శిశువు పాలు త్రాగలేకపోవచ్చు. ఇటువంటి సందర్భాలలో వైద్యుని సలహాపై కొంతకాలం అదనపు పాలు అవసరం కావచ్చు. అప్పుడు కూడా తల్లి రొమ్ము పట్టడం, పాలు పిండడం మానకుండా ఉంటే తిరిగి తల్లిపాలతోనే శిశువును పెంచే అవకాశం ఉంటుంది.