కెన్యా వెళ్ళే కుటుంబాలకు: ప్రవేశ పత్రాలు, టీకాలు, ఆరోగ్య జాగ్రత్తలు

ఉద్యోగరీత్యా, వ్యాపారరీత్యా తూర్పు ఆఫ్రికాలో ఉంటున్న అయినవాళ్ళ దగ్గరికి వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోయే ఇళ్ళు మనలో ఉన్నాయి. అలా కెన్యాకు బయల్దేరేవాళ్ళ కోసం ఈ వివరాలు ఒకచోట పెట్టాం. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కెన్యాలోకి పోవడానికి కావలసిన కాగితాలు వేరు, కెన్యా నుంచి మన దేశంలోకి తిరిగి రావడానికి కావలసిన కాగితం వేరు. చాలామంది మొదటిదాని మీదే దృష్టి పెట్టి రెండోదాన్ని మరిచిపోతారు.

పాస్‌పోర్ట్

కెన్యాలో దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు పాస్‌పోర్ట్‌లో మిగిలి ఉండాలి. ఖాళీ పేజీలు రెండైనా ఉండాలి. పెద్దవాళ్ళ పాస్‌పోర్ట్ పదేళ్ళు నడుస్తుంది, చిన్నపిల్లలది మాత్రం ఐదేళ్ళే. అమ్మానాన్నల గడువు చూసుకుని పిల్లల గడువు కూడా ఉంటుందనుకోకండి. ప్రతి పుస్తకం తెరిచి చూడండి.

పేరు విషయంలో మనవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. తమిళనాడులోని బడి రికార్డుల్లో పేరు ముందు ఇనీషియల్ ఒక్కటే ఉంటుంది. ఇంట్లోనేమో ఇంటిపేరుతో కలిపి రాస్తాం. పాస్‌పోర్ట్‌లో సాధారణంగా ఇనీషియల్‌ను పూర్తిగా విడదీసి రాస్తారు. బడిలో ఎలా ఉన్నా, ఇంట్లో ఎలా పిలిచినా, ప్రయాణ కాగితాలన్నిటిలోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. టికెట్, ప్రవేశ అనుమతి, టీకా కార్డు మూడింటికీ ఇదే మాట.

ప్రవేశ అనుమతి

2024 జనవరి నుంచి కెన్యా పాత వీసా పద్ధతి తీసేసి, ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి పెట్టింది. భారతీయులకు ఇది తప్పనిసరి. విమానం ఎక్కకముందే చేతిలో ఉండాలి, అక్కడ దిగాక తీసుకుందామంటే కుదరదు. చంకలోని పసిబిడ్డకైనా విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే.

దరఖాస్తుకు పాస్‌పోర్ట్ వివరాలు, ఫోటో, రానుపోను టికెట్, బస వివరాలు కావాలి. హోటల్లో కాకుండా బంధువుల ఇంట్లో దిగితే, వాళ్ళ నుంచి ఆహ్వాన లేఖ, వాళ్ళ గుర్తింపు కాగితం నకలు ముందే తెప్పించుకోండి. రుసుము మొదట 30 అమెరికన్ డాలర్లుగా పెట్టారు, దానిపైన చెల్లింపు ఛార్జీలు పడతాయి. కట్టేముందు అధికారిక సైట్లో ఆరోజు ఎంత ఉందో చూడండి. ఆ సైట్ చిరునామా చివర ‘జీఓ డాట్ కేఈ’ అని ఉంటుంది. అచ్చం అలాగే కనిపిస్తూ ఎక్కువ డబ్బు గుంజే మధ్యవర్తి సైట్లు కూడా ఉన్నాయి, చూసి కట్టండి. ప్రయాణానికి మూడు రోజుల ముందు వరకూ ఆగొచ్చని అంటారు గానీ, పిల్లలతో వెళ్ళేవాళ్ళు రెండు మూడు వారాల ముందే పెట్టడం మేలు.

తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకుపోతుంటే, రెండోవాళ్ళ సమ్మతి లేఖ, బిడ్డ జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. అడగకపోతే సరే, అడిగితే అప్పటికప్పుడు దొరికేవి కావు.

ఎల్లో ఫీవర్ టీకా: తిరిగి రావడానికి తాళంచెవి

ఎల్లో ఫీవర్ అంటే మన పచ్చకామెర్లు కాదు. దోమకాటుతో వచ్చే వేరే వైరస్ జ్వరం. ఆఫ్రికాలోనూ, దక్షిణ అమెరికాలోనూ ఉంది, మన దేశంలో లేదు. కానీ దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మన వీధుల్లో కావలసినంత ఉంది. డెంగీని పంచిపెట్టేది అదే. రోగంతో ఒక్కరు వచ్చి ఇక్కడి దోమలకు అంటించారంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఈ విషయంలో మన ప్రభుత్వం చాలా గట్టిగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళను కెన్యా ఈ టీకా కార్డు అడగాల్సిన పని లేదు, ఎందుకంటే మనది ఆ రోగం ఉన్న దేశం కాదు. ‘వాళ్ళే అడగనప్పుడు మనకెందుకు’ అని బయల్దేరితే, తిరిగొచ్చేటప్పుడు చెన్నై, ముంబై, బెంగళూరు, ఏ విమానాశ్రయంలో దిగినా ఆరోగ్య అధికారి కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్ళకుంది. చిన్నపిల్లలతో ఆ ఆరు రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఇండియాలో విమానం ఎక్కేటప్పుడే కార్డు చూపించమనే ఎయిర్‌లైన్స్ కూడా ఉన్నాయి.

టీకా గురించి తెలుసుకోవాల్సినవి:

• ఒక్క డోసు చాలు. 2016 జూలై 11 నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. అంతకుముందు వేయించుకున్నవాళ్ళ కార్డు మీద పదేళ్ళు అని రాసి ఉన్నా చెల్లుతుంది.

• టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు అమల్లోకి వస్తుంది. మే 1న ప్రయాణమైతే ఏప్రిల్ 20 లోపే వేయించుకోవాలి.

• ఏ డాక్టరు దగ్గరో వేయించుకుంటే చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకుని, సంతకం, ముద్ర ఉన్న అంతర్జాతీయ టీకా కార్డు తీసుకోవాలి. చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హార్బర్‌లోని పోర్ట్ హెల్త్ కార్యాలయం ఉన్నాయి. హైదరాబాదులో బంధువుల దగ్గర ఉన్నవాళ్ళకు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వారంలో కొన్ని రోజులే వేసే కేంద్రాలున్నాయి కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. పాస్‌పోర్ట్ తీసుకెళ్ళడం మరవకండి.

• ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, అరవై దాటి మొదటిసారి వేయించుకునేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు సాధారణంగా వేయరు. వైద్య కారణంతో మినహాయింపు పత్రం తీసుకున్నా, తిరిగొచ్చాక విడిగా ఉంచే అవకాశం ఉంది. ఇలాంటివాళ్ళు టికెట్ కొనక ముందే కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

• పిల్లలకు ఈమధ్య వేరే టీకా ఏదైనా వేయించి ఉంటే ఆ పుస్తకం చూపించండి. కొన్నిటికి మధ్య నాలుగు వారాల ఎడం కావాలి. పోలియో చుక్కలు అవసరమా అన్నది కూడా అక్కడే అడగండి, ఆ దేశాల జాబితా మారుతుంటుంది.

కెన్యా చూసి పక్కనే ఉన్న టాంజానియాకు కూడా పోదామనుకునేవాళ్ళకు ఈ కార్డు అక్కడి సరిహద్దులోనూ కావాలి.

మలేరియా

దీనికి కార్డు ఎవరూ అడగరు. అందుకే ఎక్కువమంది పట్టించుకోరు. కానీ ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం రకం. మనకు అలవాటైన క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు.

నైరోబీ నగరం దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన ఏర్కాడు కంటే ఎత్తు. అక్కడ మలేరియా ముప్పు తక్కువ. మొంబాసా తీరం, కిసుము దగ్గర విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ముప్పు ఎక్కువ. పైగా మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. మన వేసవి సెలవులు సరిగ్గా ఆ దోమల కాలంలోనే పడతాయి.

ముందుగా వేసుకునే మందులున్నాయి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు, అది ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఇల్లు చేరాం కదా అని మధ్యలో ఆపేయకండి.

మలేరియా దోమ రాత్రిపూట, ఎల్లో ఫీవర్, డెంగీ దోమ పగటిపూట కుడతాయి. అందుకని పొద్దున్నా రాత్రీ కూడా ఒంటికి దోమల మందు, నిండు చేతుల చొక్కా, పడుకునేటప్పుడు దోమతెర ఉండాలి.

తిండి, నీళ్ళు, సామాను

సీలు ఉన్న బాటిల్ నీళ్ళు గానీ కాచిన నీళ్ళు గానీ తాగండి. టైఫాయిడ్, హెపటైటిస్-ఏ, ధనుర్వాతం టీకాల సంగతి ఇంటి డాక్టరును అడగండి. రోజూ వేసుకునే మందులు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి.

కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషిద్ధం. చట్టంలో భారీ జరిమానా, జైలు కూడా ఉన్నాయి. పచ్చళ్ళు, పొడులు, చెప్పులు చుట్టే షాపు కవర్లు ఇంట్లోనే వదిలేసి, గుడ్డ సంచులు వాడండి. 2020 జూన్ 5 నుంచి జాతీయ పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ బాటిళ్ళు కూడా తీసుకుపోకూడదు. పిల్లలకు స్టీలు బాటిల్ ఇవ్వండి. సాయంత్రాలు చలిగా ఉంటాయి, స్వెట్టర్ పెట్టుకోండి. అక్కడి ప్లగ్గు మూడు పలక పిన్నులది, మన ఛార్జరుకు అడాప్టర్ కావాలి.

అత్యవసరానికి అక్కడి ఫోన్ నంబర్లు 999, 112. భారత హైకమిషన్ నైరోబీలో ఉంది.

తిరిగొచ్చాక

వచ్చిన వారానికో, నెలకో, ఇంకా ఆలస్యంగానో జ్వరం వస్తే, ఇంట్లో ఉన్న మాత్ర వేసి బడికి పంపకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన అడగకముందే ‘కెన్యా వెళ్ళొచ్చాం’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష వెంటనే జరుగుతుంది. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. మందులు ముందుగా వేసుకున్నా సరే, ఇది తప్పదు.

బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి

ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు: పాస్‌పోర్ట్ గడువు, డాక్టరు సలహా, టీకా కేంద్రంలో తేదీ.
మూడు వారాల ముందు: ఈటీఏ దరఖాస్తు, ఆహ్వాన లేఖ, సమ్మతి లేఖ.
పది రోజుల ముందు: ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడానికి ఇదే ఆఖరి రోజు.
బయల్దేరే రోజు: పాస్‌పోర్ట్, ఈటీఏ ప్రింటు, టీకా కార్డు అసలుది. నకలు ఒకటి వేరే సంచిలో.

నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందొకసారి, బయల్దేరే వారంలో ఒకసారి అధికారిక సైట్లు చూడండి. బడి తెరిచాక కూడా ప్రయాణం కొనసాగేటట్టుంటే సెలవు చీటీ ముందుగానే క్లాస్ టీచరుకు ఇవ్వండి. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.