పెట్స్‌వాల్ కటకము: కెమెరా ఎన్నికకు ఒక పాత పాఠము

కెమెరా కొనదలచిన విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “అన్నిటికంటె మంచి కటకమేది?” దీనికి దుకాణపు ధరలపట్టికకంటె ఛాయాగ్రహణ చరిత్రయే మంచి ఉత్తరము చెప్పగలదు.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములోని విజ్ఞానపరిషత్తులో అరాగో అను శాస్త్రజ్ఞుడు, డగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతిని లోకమునకు వెల్లడించెను. వెండిపూత గల రాగిరేకును అయొడిన్ ఆవిరికి పట్టి, కెమెరాలో కాంతికి చూపి, పిదప పాదరసపు ఆవిరితో బొమ్మను తేల్చుటయే ఆ పద్ధతి. చిత్రము మిక్కిలి స్పష్టముగా వచ్చెడిది. కాని మంచి ఎండలోకూడ రేకుపై అనేక నిమిషములు కాంతి పడవలసి యుండెను. కట్టడములు కదలవు గనుక వాటి చిత్రములు చక్కగా కుదిరెను. మనుష్యుడు అంతసేపు కదలక మెదలక కూర్చుండగలడా?

ఈ ఆలస్యమునకు రేకు మాత్రమే కారణము కాదు, కటకముకూడ కారణమే. నాటి కెమెరాలకు షెవాలియే తయారుచేసిన కటకము నమర్చెడివారు. బొమ్మ అంచులవరకు స్పష్టముగా నుండుటకై దాని ముందు చిన్న రంధ్రముగల అడ్డుబిళ్ళ నుంచిరి. రంధ్రపు వ్యాసము నాభ్యంతరములో సుమారు 16వ వంతు. దీనినే మనము ఎఫ్/16 అని వ్రాయుదుము. స్పష్టత దక్కెను గాని, వెలుతురు తగ్గిపోయెను.

ఈ చిక్కును విడదీయుటకు పూనుకొన్నవాడు వియన్నా విశ్వవిద్యాలయములో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్ (1807–1891). అంతవరకు కటకములను చేయువారు గాజును అరగదీసి, పరీక్షించి, మరల సరిదిద్దుచుండిరి. పెట్స్‌వాల్ అట్లు చేయలేదు. కిరణములు ఒక్కొక్క గాజుతలమువద్ద ఎట్లు వంగునో ముందుగా లెక్కకట్టెను. ఆ లెక్కలు ఒక్కరివలన తెమలునవి కావు. అందుచే గణనములో ఆరితేరిన ఫిరంగిదళ సైనికులు కొందరు ఆయనకు తోడ్పడిరి. ఫిరంగిగుండు పోవు దారిని లెక్కించువారు కాంతికిరణము పోవు దారిని లెక్కించిరన్నమాట!

1840లో సిద్ధమైన ఆ కటకమునందు నాలుగు గాజుబిళ్ళలు రెండు జట్లుగా నుండెను. దాని వెడల్పు ఎఫ్/3.6. ఇప్పుడు విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయవలెను. 16ను 3.6చే భాగించిన 4.44 వచ్చును. రంధ్రపు వైశాల్యము వ్యాసపు వర్గము ననుసరించి పెరుగును గనుక, 4.44ను వర్గము చేయగా సుమారు 20. అనగా క్రొత్త కటకము 20 రెట్లు వెలుతురును లోనికి తెచ్చినది! అదే కాలమున రేకును బ్రోమిన్ ఆవిరికికూడ పట్టి చురుకు పెంచిరి. ఈ రెండును కలియగా నిమిషముల పని సెకండ్లలోనికి దిగెను. ఫోగ్ట్‌లెండర్ సంస్థ 1841లో ఈ కటకముతో లోహపు కెమెరా నమ్మెను. మనుష్యుల ముఖచిత్రములు తీయుట ఒక వృత్తిగా వ్యాపించుటకు ఈ కటకము గొప్ప ఊతమైనది.

కాని ఈ లాభము ఊరక రాలేదు. పెట్స్‌వాల్ కటకము నడుమ నున్న బొమ్మను మిక్కిలి స్పష్టముగా చూపును, అంచులను మసకబరచును. ఏలననగా అది ఏర్పరచు ప్రతిబింబము బల్లపరుపు తలముపై గాక, గిన్నెవలె వంగిన తలముపై నుండును. రేకేమో బల్లపరుపుది. ముఖచిత్రమునకు ఈ లోపము బాధ కాదు. ముఖము నడుమనే యుండును గదా! కొండలను, కోటలను తీయువారికి మాత్రము అది పనికిరాదు. కావున వారు చిన్నరంధ్రపు కటకమునే నమ్ముకొని, కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, ఓపికతో వేచియుండిరి. కట్టడమునకు తొందర లేదు!

1890లో జైస్ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్, క్రొత్తరకపు గాజులతో అంచులవరకు స్పష్టత నిచ్చు కటకమును రూపొందించెను. అంతటితో పెట్స్‌వాల్ కటకపు కథ ముగిసెనా? లేదు. 2013లో దానినే నేటి కెమెరాలకు తగినట్లు మరల తయారుచేయగా, అంచుల మసకకై ముచ్చటపడి కొన్నవారు అనేకులు! నాటి లోపమే నేటి అందమైనది.

కావున “మంచి కటకమేది?” అని కాక, “నేను దేనిని చిత్రింతును? అది కదలునా? వెలుతురెంత? స్పష్టత ఎంతమేర కావలెను?” అని అడుగవలెను. వెలుతురు తక్కువైనచోట వెడల్పు కటకము మేలు. కదలని వస్తువుకైనచో, ఖరీదైన కటకముకంటె గట్టి ముక్కాలి స్టాండే మేలు.

దీనిని తరగతిలో చూపుట సులభము. 5 సెంటీమీటర్ల వ్యాసముగల భూతద్దముతో, చీకటిచేసిన గదిలో, ఎదుటి కిటికీ బొమ్మను తెల్లకాగితముపై పట్టుడు. పిదప 1.25 సెంటీమీటర్ల రంధ్రముగల అట్టను భూతద్దమునకు ఆనించుడు. వ్యాసము 4వ వంతు, వెలుతురు 16వ వంతు అగును. బొమ్మ మందగించును, అయినను దాని గీతలు తేటపడును. ఒకటి కావలెనన్న మరియొకటి ఎంత వదులుకొనవలెనో విద్యార్థులు తమ కన్నులతోనే చూతురు. కెమెరా కొనుటకు ముందు నేర్వవలసిన మొదటి పాఠ మిదియే.