మొహాన రోమాలు – కారణం వెదికిన కథ



ఆడపిల్ల గడ్డం కింద నాలుగు వెంట్రుకలు కనబడితే మన ఇళ్ళల్లో ముందు పసుపు, శనగపిండి గుర్తుకొస్తాయి. ఆ తరువాత పెళ్ళి సంబంధాలు గుర్తుకొస్తాయి. డాక్టరు గుర్తుకొచ్చేది అన్నిటికన్నా ఆఖరున. ఆలస్యం మనదొక్కరిదే కాదు లెండి. అసలు కారణం పట్టుకోవడానికి వైద్యులకే రెండువేల ఏళ్ళ పైచిలుకు పట్టింది.

ప్రాచీన గ్రీకుల కాలంలో అబ్డేరా అనే ఊళ్ళో ఫైతూసా అనే ఇల్లాలు ఉండేది. హిప్పోక్రటీసు పేరిట నిలిచిన వైద్యగ్రంథాల్లో ఆమె వృత్తాంతం ఉంది. పిల్లలు కలిగిన తల్లి. భర్త ప్రవాసం వెళ్ళాక చాలాకాలం నెలసరి ఆగిపోయింది. కీళ్ళ నొప్పులు వచ్చాయి. ఒళ్ళంతా రోమాలు, గడ్డం, బొంగురు గొంతు. నెలసరి రప్పించాలని వైద్యులు చేయని ప్రయత్నం లేదు. కొద్దికాలానికే ఆమె చనిపోయింది, పాపం. మగడి ఎడబాటునీ రోగాన్నీ పక్కపక్కనే రాసుకున్నారు గాని, లోపల ఏది చెడిందో చూసే సాధనం వాళ్ళకు లేదు.

మన ఒంట్లోనూ పురుష హార్మోన్లు కొద్దిగా ఉంటాయి. ఆండ్రోజెన్లంటారు. అండాశయాలూ, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులూ వాటిని తయారుచేస్తాయి. ఎక్కువైతే ఎక్కడినుంచి ఎక్కువైందన్నదే చిక్కు.

ఎడ్రినల్ సంగతి 1865లో ఇటలీలోని నేపుల్స్‌లో బయటపడింది. మగవాడిగా బతికి చనిపోయిన ఒక మనిషి శవాన్ని డి క్రెక్కియో అనే వైద్యుడు కోసి చూస్తే, లోపల గర్భాశయం, అండాశయాలు ఉన్నాయి! ఎడ్రినల్ గ్రంథులు విపరీతంగా పెరిగి ఉన్నాయి. పుట్టుకతో వచ్చే ఆ లోపానికి కార్టిజోన్ పనిచేస్తుందని 1950లో తేలింది.

ఇక అండాశయం. 1935లో చికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీల గురించి రాశారు. నెలసరి సరిగా రాదు, కొందరికి రోమాలు, అండాశయాల నిండా నీటితిత్తులు. అండాశయాల్లో కొంత భాగం కోసి తీసేస్తే ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది. ఇద్దరు గర్భవతులయ్యారు. ఇప్పుడు పి.సి.ఓ.ఎస్. అంటున్నది దీన్నే. మరి దోషమంతా అండాశయానిదేనా? 1921లోనే పారిస్‌లో అషార్, థియర్ అనే వైద్యులు ‘గడ్డపు స్త్రీల చక్కెరవ్యాధి’ అని ఒకటి వర్ణించి ఉన్నారు. చక్కెరకూ గడ్డానికీ పొత్తేమిటి? ఈ స్త్రీలలో ఇన్సులిన్ కూడా ఎక్కువేనని 1980లో చూపించాక ముడి విడింది. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని ఎగదోస్తుంది.

రక్తంలో అంత తక్కువగా ఉండే ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టినది న్యూయార్కులో రోజలిన్ యాలో, బెర్సన్ కలిసి. 1977లో యాలోకి నోబెల్ బహుమతి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, ఇల్లూ లేబరేటరీ రెండూ నడిపింది. తరువాత టెస్టోస్టిరాన్‌నీ ఆ పద్ధతిలోనే కొలిచారు.

ఇవాళ డాక్టరు ముందడిగేది, ‘ఎప్పుడు మొదలైందమ్మా, ఎంత త్వరగా పెరిగింది?’ అని. యుక్తవయసు నుంచీ మెల్లగా వస్తే చాలామందిలో పి.సి.ఓ.ఎస్.యే. హార్మోన్లన్నీ సరిగానే ఉండి రోమాలు వచ్చేవారూ ఉన్నారు. ఫైతూసాకి లాగా కొద్ది నెలల్లోనే గొంతు మారితే, కంతి ఉందేమోనని స్కానింగు చేయిస్తారు. ఎడ్రినల్ లోపం స్వల్పంగా ఉంటే అచ్చం పి.సి.ఓ.ఎస్. లాగే కనిపిస్తుంది. అందుకని బహిష్టు మొదటి రోజుల్లో, పొద్దున్నే, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే రక్తపరీక్ష. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటూ ఉంటే ఆ మాట దాచకుండా ముందే చెప్పండి. వాటివల్ల లెక్కలు మారిపోతాయి.