మందార మొక్క సమస్యలు: గుర్తింపు, చికిత్స

మందార (శాస్త్రీయ నామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్) మాల్వేసి కుటుంబానికి చెందిన బహువార్షిక పొద. ఈ శాస్త్రీయ నామం 1753లో లినేయస్ పెట్టినది. బెండ, గోంగూర, పత్తి కూడా ఇదే కుటుంబంలోవి. పత్తిచేలను పీడించే పిండినల్లి, తెల్లదోమ, పేనుబంక పెరటి మందారనూ వదలకపోవడానికి కారణం ఇదే. మొక్క కాస్త వాడితే చాలు, చాలామంది వెంటనే పురుగుమందు కోసం వెతుకుతారు. అంతకన్నా ముందు చేయవలసినవి రెండున్నాయి: ఏ ఆకు పాడైందో చూడాలి, ఆకును తిప్పి అడుగు భాగం చూడాలి. జబ్బేమిటో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఆకులు పసుపుబారడం

కింది ముదురాకులు ఒకటి రెండు పండి రాలడం సహజం. ముదురాకుల్లో ఈనెల మధ్య భాగం పసుపుబారి ఈనెలు పచ్చగా మిగిలితే అది మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి ఆకులపై పిచికారీ చేస్తే కోలుకుంటుంది. అదే లక్షణం కొత్త చిగుళ్ళలో కనిపిస్తే ఇనుప ధాతువు లోపమని అర్థం. బోరు నీళ్ళు పోసే కుండీల్లో ఇది ఎక్కువ. ఆ నీటిలోని సున్నపు గుణం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. చీలేటెడ్ ఐరన్ వాడాలి, వీలైనప్పుడల్లా వాన నీళ్ళు పోయాలి.

మట్టి తడిగానే ఉన్నా మొక్క వడలిపోతూ, ఆకులన్నీ కలిసి పసుపుబారుతుంటే వేరుకుళ్ళును అనుమానించాలి. కుండీ మందారల ప్రాణం తీసేది తరచు ఇదే. వాడిపోయిందని ఇంకా నీళ్ళు పోస్తే మొక్క దక్కదు. కుండీ నుంచి తీసి, నల్లబడి మెత్తగా అయిన వేళ్ళను కత్తిరించి, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కొత్త మట్టిలో నాటాలి. ఆ తర్వాత పైమట్టి ఒక అంగుళం లోతు వరకు ఆరితేనే నీళ్ళు పోయాలి.

పిండినల్లి

చిగుళ్ళ మొదళ్ళలో, మొగ్గల తొడిమల దగ్గర దూదిలా తెల్లగా అంటుకుని ఉంటుంది. వీటిలో గులాబి రంగు పిండినల్లి లాలాజలంలో విషగుణం ఉంది; అది పీల్చిన చిగురు ముడుచుకుని, కణుపులు దగ్గరపడి గుత్తిలా తయారవుతుంది. ఈ పురుగు 1994లో గ్రెనడా దీవిలో బయటపడి, కరీబియన్ ప్రాంతమంతా వ్యాపించి మందార కంచెలను ధ్వంసం చేసింది.

కాండం మీద చీమల బారు కనిపిస్తే పైన పిండినల్లో పేనుబంకో ఉందనే లెక్క. అవి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, శత్రుకీటకాలను దగ్గరకు రానివ్వవు. ఆ జిగురు మీదే నల్లటి మసి తెగులు పెరుగుతుంది. చీమలను ఆపకుండా ఎంత మందు కొట్టినా పిండినల్లి మళ్ళీ వస్తుంది. కాండం చుట్టూ టేపు చుట్టి, దానిపై గ్రీజు రాస్తే చీమలు ఎక్కలేవు.

ఆపైన ముడుచుకున్న కొమ్మలను కత్తిరించి సంచిలో కట్టి పారేయాలి. మిగిలిన వాటిని నీటిధారతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారానికోసారి చొప్పున మూడు వారాలు చేయాలి.

ఒక జాగ్రత్త. పిండినల్లుల మధ్య వాటికన్నా పెద్దదిగా, ఒంటినిండా పొడవాటి తెల్లటి మైనపు పోగులతో చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే దాన్ని చంపకూడదు. అది 1898లో భారతదేశానికి తెచ్చిన ఆస్ట్రేలియా అక్షింతల పురుగు, క్రిప్టోలీమస్ పిల్ల. పిండినల్లులనే తిని బతుకుతుంది. పిండినల్లి మహా అయితే మెల్లగా కదులుతుంది, ఇది పరుగెడుతుంది.

మొగ్గలు రాలడం

ముద్దమందారలో ఇది రేకమందారలోకన్నా ఎక్కువ. మట్టి ఒకరోజు ఎండిపోయి మరోరోజు బురదవడం, ఎండ దెబ్బ, కుండీని చోటు మార్చడం సాధారణ కారణాలు. అవేవీ కాకపోతే, రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడాలి. లోపల సన్నటి తెల్లని పురుగులు మెలికలు తిరుగుతుంటే అవి మొగ్గలో గుడ్లు పెట్టే చిన్న ఈగ పిల్లలు. ఇవి మట్టిలో దిగి కోశస్థ దశకు చేరతాయి కనుక, రాలిన మొగ్గలను రోజూ ఏరి పారేయడమే అసలు చికిత్స. రేకుల మధ్య సన్నగా, చురుగ్గా పాకేవి తామర పురుగులు. వీటికి వేపనూనె సరిపోతుంది.

మొగ్గలే రాకపోతే ఎండ చాలకపోవడమో, నత్రజని ఎరువు ఎక్కువవడమో కారణం. పూలు కొత్త కొమ్మలకే పూస్తాయి కాబట్టి చలి తగ్గాక కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి.

ఎర్రనల్లి

ఎండాకాలంలో ఆకులపై సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు, అడుగున సన్నటి గూడు కనిపిస్తాయి. తెల్ల కాగితం మీద ఆకును తట్టితే ఎర్రటి చుక్కలు కదులుతాయి. ముందు నీటితో కడగాలి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టవచ్చు. తీవ్రమైన ఎండలో కొడితే ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం వాడకూడదు.

ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క అంతటా పాకి పూతేనెలోకీ చేరతాయి. మందార మీద తేనెటీగలు, తేనెపిట్టలు వాలతాయి. ఆకులు తలంటుకు, పూలు కషాయానికి వాడతాము. అందుచేత ఇంటి మందారకు ఆ మందులు వాడవద్దు.