పదకొండు పేర్లు ఎవరు రాయాలి?

1953 నవంబరు 25న వెంబ్లీలో లక్షమందికి పైగా చూస్తుండగా హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను చిత్తుచేసింది. సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి వెనక్కి జరిగి ఆడుతుంటే, అతని వెంట వెళ్లాలో తన చోటే నిలవాలో డిఫెండర్ హ్యారీ జాన్‌స్టన్‌కు పాలుపోలేదు. మూడు గోల్స్ హిదెగ్‌కుటివే. ఇంగ్లండ్ ఆట పాతబడిందన్నారు అందరూ. అది సగం నిజమే. కోచ్ వాల్టర్ వింటర్‌బాటమ్‌కు జట్టును ఎంచుకునే హక్కే లేదు, అది ఫుట్‌బాల్ అసోసియేషన్ కమిటీ పెద్దలది. 1950 ప్రపంచకప్‌లో వింగర్ మాథ్యూస్‌ను పక్కనపెట్టి అమెరికా చేతిలో ఓడిన జట్టు కూడా ఆ పెద్దల్లో ఒకరైన ఆర్థర్ డ్రూరీ ఎంపికే. ఎవరు ఆడాలో ఒకరు, ఎలా ఆడాలో మరొకరు నిర్ణయించే చోట ఆటకో పద్ధతి కుదరడం కష్టం. మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉంటూనే ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగానూ పనిచేశాడు. ఆయనకు ఈ తగువు కొంతైనా తప్పి ఉంటుంది.

ఆ రోజు వెంబ్లీలో పెనాల్టీ గోల్ కొట్టిన ఆల్ఫ్ రామ్సే పాఠం నేర్చుకున్నాడు. 1962లో ఇంగ్లండ్ మేనేజర్ పదవి ఇవ్వజూపినప్పుడు ఎంపిక పూర్తిగా తన చేతిలో ఉండాలన్నాడు. 1966 ప్రపంచకప్‌లో అసలు పరీక్ష ఎదురైంది. ఫ్రాన్స్ ఆటగాడు సిమోన్‌ను ఇంగ్లండ్ ఆటగాడు నాబీ స్టైల్స్ మొరటుగా పడగొట్టాడు. అతన్ని తప్పించాలని అసోసియేషన్ పెద్దలు ఒత్తిడి చేస్తే, అతను లేకపోతే తానూ ఉండనన్నాడు రామ్సే. సెమీస్‌లో పోర్చుగల్ ఆటగాడు యుసేబియోను కట్టడి చేసింది ఆ స్టైల్సే. వింగర్లను వదిలేసి కూర్చిన జట్టు ఫైనల్లో పశ్చిమ జర్మనీని 4-2తో గెలిచింది.

ఆరు మ్యాచ్‌లూ వెంబ్లీలోనే ఆడారు కదా, గెలుపులో సొంతగడ్డ వాటా లేదా అని అడగొచ్చు. ఉంది. కానీ 1953లో మునిగిందీ ఆ గడ్డ మీదే. ఏకచ్ఛత్రాధిపత్యం మొండితనంగా మారదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. మారుతుంది. 1973 అక్టోబరు 17న అదే వెంబ్లీలో పోలండ్‌తో 1-1 డ్రా చేసుకుని ఇంగ్లండ్ ప్రపంచకప్‌కు దూరమైంది, మరుసటి ఏడాది రామ్సేను తొలగించారు. అయితే, తప్పు ఎవరిదో తేల్చి చెప్పగలిగారంటే పగ్గాలు ఒక్కరి చేతిలో ఉండబట్టే. వింటర్‌బాటమ్ కోచ్‌గా ఉండగా కమిటీ ఏలిన పదహారేళ్లలో ఆ జవాబుదారీ ఎవరికీ లేదు. రామ్సేను పంపించినా పాత ఏర్పాటుకు మళ్లలేదు, తర్వాత వచ్చిన డాన్ రెవీ జట్టును తానే ఎంచుకున్నాడు.