మానిన గాయం, మానని మంట

మా పక్కింటావిడ బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. మిషన్ సూది దిగిన వేలు నెలలో మానింది, మంట మాత్రం మోచేతి దాకా పాకింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఏమీ లేదు, మనసులో పెట్టుకోకమ్మా" అన్నాడట.

ఈ మంట పాతదే. అమెరికా అంతర్యుద్ధంలో తూటా తగిలిన సైనికులు (వాళ్లకు యుద్ధమే ఉద్యోగం) గాయం మానాక కూడా చేతికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్లు. కాగితం రెపరెపలాడినా విలవిల్లాడేవాళ్లు. ఫిలడెల్ఫియా డాక్టరు వీర్ మిచెల్ 1864లో ఇద్దరు సహచరులతో కలిసి వాళ్ల గురించి పుస్తకం రాశాడు. ఎక్స్‌రే లేని కాలమది. నునుపుదేరిన చర్మం, రోగి చెప్పే మాట, ఇవే ఆయనకు ఆధారాలు. ఆయన నమ్మాడు.

1887లో ఆ మిచెల్ దగ్గరికే షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ వెళ్లింది. ఆమెది నరాల గాయం కాదు, ప్రసవం తర్వాతి కుంగుబాటు. అయినా తేడా చూడండి: సైనికుల మాటల్ని పుస్తకానికెక్కించిన మనిషే ఆమెను కలం ముట్టొద్దన్నాడు.

నొప్పితో వెళ్లిన ఆడవాళ్లకు తరచూ ఎదురైంది ఈ రెండో మిచెలే. 1980లలో ఆస్ట్రేలియాలో కీబోర్డుల ముందు పనిచేసేవాళ్లు చేతులు నొప్పంటే, అది హిస్టీరియా అన్న డాక్టర్లున్నారు.

సైనికుల మంటకు 1994లో 'కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్' అని పేరు మార్చారు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. చెయ్యి పట్టుకుని చూడాలి, చెప్పేది వినాలి.

మన 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టికలో చూపుడువేలు పూర్తిగా పోతే సంపాదనశక్తిలో 14 శాతం నష్టమని లెక్కకట్టారు. వేలుండి మండుతుంటే ఆ పట్టికలో గడి ఉండేది కాదు. దాన్ని డాక్టరు అంచనాకు వదిలేశారు.