కరువు పని నుంచి నిరుద్యోగ భృతి దాకా: పరీక్ష ఎవరికి?

పోస్టు కాస్త పెద్దది. సెలవులకు ఊరెళ్లే ముందు చదువుతారని ఇప్పుడే పెడుతున్నా.

మన ఊళ్లలో ఉపాధి హామీ పనిని చాలామంది ఇప్పటికీ "కరువు పని" అనే అంటారు. మా అమ్మయితే "ఉపాధి" అన్న మాటే వాడదు. వానలు బాగా పడిన ఏడాది కూడా ఆమె కరువు పనికే పోతుంది. ఈ పేరు వెనక ఏముందో చూద్దామని లైబ్రరీలో కూర్చుంటే 150 ఏళ్ల కథ తగిలింది. ఆ కథ మొత్తంలో ఒకటే గొడవ. పని లేని మనిషి సర్కారు దగ్గరికొస్తే, అతను నిజంగా అర్హుడేనా అని తేల్చేది ఎవరు? ఏం పెట్టి తేలుస్తారు?

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిలో మహా కరువు వచ్చింది. అప్పుడు మొదలైన ఏడు ధాత నామ సంవత్సరం కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. బ్రిటిష్ సర్కారు ఊరికే తిండి పెడితే జనం సోమరులవుతారని భయపడింది. అందుకే రోడ్లు, కాలవలు తవ్వించి కూలి ఇచ్చింది. ఆ కూలి ఎంతుండాలో తేల్చడానికి వచ్చినాయన సర్ రిచర్డ్ టెంపుల్. మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌండు అంటే అరకిలో కూడా కాదు. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు అంతకంటే తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, మట్టిపని చేసే మనిషికి ఇది సరిపోదని గట్టిగా వాదించాడు. ఆ తర్వాత 1877లో మద్రాసు సర్కారు ధాన్యం కొంచెం పెంచి, పప్పు కూడా కలిపింది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ పనిలోనే పరీక్ష ఉంది. కూలి తక్కువ, పని బరువు, క్యాంపు ఊరికి దూరం. ఇన్ని కష్టాలున్నా వచ్చాడంటే నిజంగా ఆకలితో ఉన్నవాడే అని లెక్క. 1880లో కరువు కమిషన్ రిపోర్టు ఇచ్చింది, 1883లో కరువు కోడ్ ముసాయిదా వచ్చింది. అందులో కూడా "టెస్ట్ వర్క్స్" అనే పద్ధతి ఉంది. ముందు కష్టమైన పని తెరిచి చూడాలి, జనం గుంపులుగా వస్తే అప్పుడు అక్కడ కరువు ఉన్నట్టు. ఆ కమిషన్‌కు ఇంకో భయం కూడా ఉండేది. కరువులో సాయం పొందే హక్కు ఉందని ఒప్పుకుంటే, మామూలు రోజుల్లో కూడా పేదోళ్లు హక్కుగా అడుగుతారేమోనని. అంటే అప్పుడు పరీక్ష రాసేది ఆకలిగొన్న మనిషి, మార్కులు వేసేది సర్కారు.

మన ఏజెన్సీ కథ దీనికి తిరగేసి ఉంటుంది. మైదానంలో జనం పని అడుగుతుంటే, కొండల్లో మనవాళ్లతో బలవంతంగా పని చేయించారు. వెట్టి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గూడెం కొండల్లో రోడ్లు వేయించిన డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ పేరు చరిత్రలో నిలిచిపోయింది. కూలి ఇవ్వాల్సిన చోట చిల్లర చేతిలో పెట్టి పని లాగాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు చింతపల్లి స్టేషన్ మీదికి పోవడానికి అడవి ఆంక్షలతో పాటు ఈ రోడ్డు పని కూడా ఒక కారణం. పని, కూలి, సర్కారు అన్న మూడు మాటలు మన తాతలకు నమ్మకం కలిగించిన మాటలు కావు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా చాలాకాలం కరువు పని అంటే సర్కారు దయే. ఆ లెక్క మారింది మహారాష్ట్రలో. అక్కడి శాసన మండలి ఛైర్మన్‌గా పనిచేసిన వి.ఎస్. పాగే ఆలోచనతో ఉపాధి హామీ పథకం రూపుదిద్దుకుంది. 1972లో పెద్ద కరువు రావడంతో అది రాష్ట్రమంతా పాకింది. 1977లో చట్టం చేశారు, 1979 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే రోజుకు కనీసం ఒక రూపాయి నిరుద్యోగ భృతి ఇవ్వాలి.

రూపాయి ఎంత, అని నవ్వకండి. ఆ రూపాయితో పరీక్ష తలకిందులైంది. ఇప్పుడు 15 రోజుల గడువు పెట్టి పరీక్ష పెట్టేది కూలిమనిషి, రాయాల్సింది సర్కారు. ఫెయిలైతే జరిమానా కట్టేది కూడా సర్కారే. భృతి అంటే దానం అనుకుంటాం గానీ, ఇది మాట తప్పినందుకు కట్టే బాకీ.

2005లో పార్లమెంటు చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఈ పద్ధతినే తీసుకుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో మన ఆదిలాబాద్, ఖమ్మం, వరంగల్, విజయనగరం ఉన్నాయి. 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వచ్చింది.

ఆ చట్టంలో 7వ సెక్షన్ మనం గుర్తుపెట్టుకోవాల్సినది. దరఖాస్తు అందిన రోజు నుంచి గానీ, పని కావాలని అడిగిన తేదీ నుంచి గానీ, ఏది తర్వాతైతే దాని నుంచి 15 రోజుల్లో పని ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన కాలానికి కనీసం సగం భృతిగా ఇవ్వాలి. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 300 రూపాయలు. అంటే మొదట రోజుకు 75, తర్వాత 150. 30 రోజులకు లెక్కేస్తే 2,250 రూపాయలు. మన ఇళ్లల్లో నెల బియ్యం, నూనె, పప్పు వెళ్లిపోతాయి.

ఇంకో కీలకం ఉంది. 2005 చట్టం ప్రకారం కూలి డబ్బు కేంద్రం ఇచ్చేది, భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. పని చూపించకపోతే రాష్ట్రానికి నష్టం వచ్చేలా కావాలనే అలా రాశారు. ఆలోచన మంచిదే. కానీ కింద జరిగింది వేరు. భృతి ఇవ్వాల్సి వస్తుందని పని చూపించడం కంటే, అసలు ఎవరూ పని అడగలేదని రాసుకోవడం సులువైంది. అడిగినట్టు కాగితం లేకపోతే 15 రోజుల లెక్క మొదలే కాదు కదా.

అందుకే చట్టంలో "తేదీ వేసిన రసీదు" అనే మాట పెట్టారు. దరఖాస్తు తీసుకున్నవాళ్లు తేదీ వేసి రసీదు ఇవ్వాలి. దేశంలో భృతి వచ్చిన కొద్దిచోట్లా ఆ కాగితమే ఆధారం. 2006లో మధ్యప్రదేశ్ బడ్వానీ జిల్లా పాటీ బ్లాకులో జాగృత్ ఆదివాసీ దళిత్ సంఘటన్ కూలీలను కూడగట్టి, రాతపూర్వకంగా పని అడిగించి, ఆఫీసుల చుట్టూ తిరిగి పోరాడింది. చివరికి 1,500 మందికి పైగా కూలీలకు దాదాపు 4 లక్షల 75 వేల రూపాయల భృతి వచ్చింది. దేశంలో ఈ చట్టం కింద భృతి సాధించిన మొదటివాళ్లలో వాళ్లున్నారు. వాళ్లు ఎవరనుకున్నారు? మనలాంటి ఆదివాసులే, ఎక్కువమందికి సంతకం కూడా రాదు. తర్వాత కొన్నేళ్లకు జార్ఖండ్ లాతేహార్ జిల్లా మనిక బ్లాకులో కూడా కూలీలు ఇలాగే సాధించారు.

సరే, కాగితం ఉన్నా అర్హత దగ్గర ఇరుక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇవి చదువుకున్న మనమే ఇంట్లో చెప్పాలి.

ఒకటి, 2005 చట్టంలో వంద రోజులు మనిషికి కాదు, ఇంటికి. అమ్మానాన్న, పెళ్లయిన ఇద్దరు అన్నలు ఒకే జాబ్ కార్డులో ఉంటే ఆ వంద రోజులు అందరూ పంచుకోవాలి. వంద రోజుల పని అయిపోతే ఆ ఏడాదికి భృతి హక్కు కూడా అయిపోతుంది. కూలి, భృతి రెండూ కలిపి వంద రోజుల కూలికి సమానమైనా అంతే. వేరు కాపురం ఉన్నవాళ్లు వేరే కార్డు అడగాలి.

రెండు, పని ఉందని కబురొచ్చాక 15 రోజుల్లో పోకపోతే, పనికి ఒప్పుకోకపోతే, చెప్పకుండా వారానికి మించి మానేస్తే మూడు నెలలు భృతి అడగడానికి లేదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ కబురు కింద పంచాయతీ ఆఫీసు గోడకి అంటించి ఊరుకుంటే, కొండ మీద ఊరికి తెలిసేదెప్పుడు?

మూడు, కార్డులో పేరే లేకపోవడం. 2022-23 ఒక్క ఏడాదిలోనే దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబ్ కార్డుల నుంచి తీసేశారు. చనిపోయినవాళ్లు, దొంగ పేర్లు, ఊరు విడిచినవాళ్లు అని కారణాలు రాశారు. వాటిలో బతికున్నవాళ్ల పేర్లు, ఊళ్లోనే ఉన్నవాళ్ల పేర్లు కూడా పోయాయని చాలాచోట్ల బయటపడింది. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. ఆధార్‌లో ఒక అక్షరం, కార్డులో ఇంకో అక్షరం ఉంటే డబ్బు ఆగిపోతుంది. మనవాళ్ల పేర్లు ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు రాసినవే కదా. ఫోన్ యాప్‌లో ఫొటో హాజరు 2023 నుంచి తప్పనిసరైంది. సిగ్నల్ లేని ఊళ్లో మధ్యాహ్నం ఫొటో ఎక్కకపోతే ఆ రోజు చేసిన చాకిరీ ఏమైనట్టు?

నాకు ఇదంతా చదువుతుంటే టెంపుల్ గారే మళ్లీ గుర్తొచ్చాడు. అప్పుడు దూరం, బరువు, ఆకలితో పరీక్ష పెట్టారు. ఇప్పుడు వేలిముద్ర, సిగ్నల్, స్పెల్లింగ్‌తో పెడుతున్నారు. చట్టం పరీక్షను సర్కారు వైపు తిప్పింది, కంప్యూటర్ దాన్ని మళ్లీ మన వైపు తిప్పింది. మేట్ నోటిమాటగా పేర్లు రాసుకుంటాడు, పని మంజూరయ్యాకే డిమాండ్ కంప్యూటర్లో ఎక్కుతుంది. అడిగిన తేదీ, పనిచ్చిన తేదీ పక్కపక్కనే ఉంటే భృతి ఎక్కడి నుంచి వస్తుంది?

డిగ్రీ చదివినోళ్లకిచ్చే భృతి సంగతేంటని కొందరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పథకం మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల లోపు, డిగ్రీ లేదా డిప్లొమా ఉన్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలతో మొదలుపెట్టారు. పదిలోనో ఇంటర్లోనో చదువు ఆగిపోయినవాళ్లకు అందులో చోటు లేదు. మన గూడేల్లో పని లేని యువతలో ఎక్కువమంది వాళ్లే. 2019లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగిపోయింది. తెలంగాణలో 2018 ఎన్నికల్లో నెలకు 3,016 రూపాయల భృతి హామీ ఇచ్చారు, అది అమలు కాలేదు. పథకం ప్రభుత్వంతో వస్తుంది, ప్రభుత్వంతో పోతుంది. చట్టంలో రాసిన భృతిని ప్రభుత్వం మారినా అడగొచ్చు. తేడా ఇక్కడుంది.

చట్టమూ శాశ్వతం కాదులెండి. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125 అన్నారు. సాగు సీజన్లో 60 రోజుల దాకా పని ఆపొచ్చన్నారు. మన లాంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి. 15 రోజుల్లో పనివ్వకపోతే భృతి అనే మాట మాత్రం అందులోనూ ఉంది. 1977లో రూపాయితో మొదలైన ఆ మాట ఇంకా బతికే ఉంది. అది కాగితం మీదే ఉంటుందా, మనవాళ్ల చేతికొస్తుందా అన్నది రసీదు దగ్గరే తేలుతుంది.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. మనకి దరఖాస్తు రాయడం వచ్చు, మన అమ్మానాన్నలకు చాలామందికి రాదు. ఊళ్లో పని కావాల్సినవాళ్ల పేర్లు, కార్డు నంబర్లు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు కావాలో తెల్లకాగితం మీద రెండు కాపీలు రాయండి. ఒకటి పంచాయతీలో ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. "రసీదు ఎందుకమ్మా, చూస్తాంలే" అంటే గొడవపడక్కర్లేదు, మండలంలో ఇచ్చి రసీదు అడగండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ స్లిప్పు దాచుకోండి. ఆ తేదీ నుంచి గోడ మీద క్యాలెండర్లో 15 రోజులు లెక్కపెట్టండి. సామాజిక తనిఖీ గ్రామసభ జరిగితే ఆ కాగితం పట్టుకెళ్లి అందరిముందు చదవండి. కార్డులో పేరు ఉందో లేదో, ఆధార్‌లో స్పెల్లింగ్ కలిసిందో లేదో ముందే చూసిపెట్టండి.

రసీదు ఇచ్చిన ఊళ్లు, ఇవ్వని ఊళ్లు కింద రాయండి. ఎవరి మీదా ఫిర్యాదు కోసం కాదు, మన దగ్గర లెక్క ఉండాలని. ఇన్నేళ్లూ మన లెక్క వాళ్లే రాశారు.

జై ఆదివాసీ.